కొబ్బరి మొక్క కాపుకొచ్చే దాకా

మొన్న మంగళవారం రాత్రి మా టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. పక్క మండలంలో ఒక పిల్లల హోమ్, గాలివానకి వంటషెడ్డు పడిపోయింది, ఒక గది గోడ కూడా ఒరిగింది, మనం నలభై మందిమి ఉన్నాం, తలా ఇంత వేస్తే మనమే కట్టించేయొచ్చు అని. కింద ఫోన్‌పే నంబరు, ఆ కింద ఒక ఫోటో. పది నిమిషాల్లో దండం పెట్టే బొమ్మలు వరసపెట్టి వచ్చేశాయి, ఆరుగురు డబ్బులు కూడా వేసేశారు. నేను మాత్రం రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడోరోజు ఆ మెసేజ్ పెట్టిన స్నేహితురాలే ఫోన్ చేసి "ఏమే, తిత్లీ తుఫాను అప్పుడు అందరికంటే ముందు పరిగెత్తింది నువ్వే కదా, ఇప్పుడేంటి ఇలా ఐపోయావు" అంది. ఫోన్లో తనకి సరిగ్గా చెప్పలేకపోయా. అందుకే ఇక్కడ రాస్తున్నా, తను చదువుతుందని తెలుసు.

ముందే చెప్పేస్తా, ఇవ్వాలి. తప్పకుండా ఇవ్వాలి. నేను అడిగేదల్లా తుఫాను తర్వాత పిల్లల హోమ్‌కని పోగుచేసిన డబ్బు మొత్తం తీసుకెళ్ళి గోడల్లో, కప్పులో పొయ్యొద్దని. కనీసం సగం పక్కన పెట్టి, ఆ తర్వాత మూడేళ్ళో నాలుగేళ్ళో నెలనెలా ఇవ్వాలి. ఈ మాట 2018లో నాతో ఎవరైనా అనుంటే నేనే వాళ్ళతో గొడవ పడేదాన్ని.

ఈనెపుల్ల

తిత్లీ గురించి మనవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది, గాలి గంటకి 140, 150 కిలోమీటర్లు, మధ్యమధ్యలో 165 దాకా. నేను శ్రీకాకుళం టౌన్లో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, మాది కవిటి వైపు ఊరు. మూడు రోజులు ఇంటికి ఫోన్ కలవలేదు. నాలుగో రోజు తమ్ముడి బండి వెనక కూర్చుని వెళ్ళాను, రోడ్డుకి రెండు పక్కలా కొబ్బరి మొద్దులు కోసి నెట్టేసి ఉన్నాయి, మధ్యలో బండి పట్టేంత దారి. ఊరు దగ్గరపడుతుంటే నాకు ఎక్కడున్నామో అర్థం కాలేదు. ఎప్పుడూ చెట్ల మధ్యలోంచి వెళ్ళే దారి కదా, ఎటు చూసినా ఆకాశమే కనిపిస్తోంది.

ఇంట్లో అందరూ బాగానే ఉన్నారని చూసుకున్నాక, సాయంత్రం మా ఊరికి కాస్త దూరంలో ఉన్న హోమ్‌కి వెళ్ళాం. ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు, మూడు గదులు, సిమెంటు రేకులు. ఒక్క రేకు మిగల్లేదు. పిల్లల్ని ఊరి బడిలో పడుకోబెడుతున్నారు, పగలు మాత్రం తీసుకొచ్చి ఇక్కడ సామాన్లు ఏరుకోనిస్తున్నారు. ట్రంకు పెట్టెలన్నీ వాకిట్లో వరసగా, మూతలు తెరిచి. బట్టలారేసే తీగమీద నోటుపుస్తకాలు మధ్యకి తెరిచి వేలాడేసి ఉన్నాయి.

ఒక పదకొండేళ్ళ పిల్ల కింద కూర్చుని, పడిపోయిన కొబ్బరి మట్టలోంచి ఒక ఈనె చీల్చుకుని, దాంతో తడిసి అంటుకుపోయిన పేజీల్ని విడదీస్తోంది. వేలితో తీస్తే చిరిగిపోతున్నాయి. అందుకని ఈనెపుల్ల కొసని రెండు కాగితాల మధ్య దూర్చి, మెల్లగా ఈ చివర్నించి ఆ చివరికి జరుపుతుంది, పేజీ లేవగానే నోటితో ఊదుతుంది, మళ్ళీ ఇంకో పేజీ. పక్కన సోషల్ పుస్తకం ఉంటే ముట్టుకోలేదు. అదేంటమ్మా అంటే "సోషలైతే మళ్ళీ చూసి రాసుకోవచ్చు, లెక్కలు చేసినవి పోతే ఎలా" అంది. నీకేం కావాలమ్మా అని అడిగా. బిస్కట్లు, బట్టలు, ఏదో ఒకటి అంటుందనుకున్నా. కాసేపు ఆలోచించి "పెట్టికి తాళం" అంది. పెట్టెల మూతలు వంగిపోయాయి, సామాన్లన్నీ కలిసిపోతున్నాయి, లారీలు వచ్చినప్పుడల్లా ఎవరెవరో లోపలికొచ్చి తిరుగుతున్నారు.

ఆ తాళం నేను డిసెంబర్లో కొనిచ్చాను. రెండు నెలలు మర్చిపోయాను. ఈలోగా ఆ హోమ్ పేరు మీద లక్షల రూపాయలు నా చేతిమీదుగా నడిచాయి.

ఫోటో

ఇది చెప్పాలంటే ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. ఆ పిల్ల పేజీలు విడదీస్తుంటే నేను ఫోటో తీశాను, ఆ రాత్రే సిగ్నల్ దొరికిన చోటికెళ్ళి గ్రూపులో పెట్టాను. అప్పటిదాకా కలెక్షన్ నలభై వేలు, ఆ ఫోటో పడ్డాక తెల్లారేసరికి లక్షా పదివేలు. నాకు గర్వంగా అనిపించింది. అదే సంవత్సరం ఆగస్టులో కేరళ వరదలప్పుడు మా ఆఫీసులో తిరిగి చందాలు పోగుచేసింది నేనే, దేశమంతా కేరళ గురించి మాట్లాడింది, మాట్లాడాల్సిందే కూడా. మన దగ్గరికి వచ్చేసరికి టీవీల్లో రెండు రోజులు చూపించి వదిలేశారు. దసరా వచ్చి వెళ్ళిపోయింది, మా వైపు ఊళ్ళు చీకట్లోనే ఉన్నాయి. మనల్ని ఎవరూ చూడట్లేదన్న కడుపుమంట ఉండేది, చూపించాలన్న కసి ఉండేది. ఆ ఫోటో వెనకున్న కారణం అదే, కాకపోతే కారణం ఉన్నంత మాత్రాన అది ఒప్పు ఐపోదు.

హోమ్‌లో ఉండే పిల్లల్ని గుర్తుపట్టేలా ఫోటోలు బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెప్తుంది. ఆ సంగతి నాకు తర్వాతెప్పుడో తెలిసింది. చట్టం అలా ఉంచండి, మరుసటేడు ఆ పిల్ల నాతో "అక్కా, ఆ ఫోటో మా బడిలో అందరి ఫోన్లలోనూ ఉంది" అంది. కోపంగా అనలేదు, ఊరికే చెప్పింది, చెప్పి వెళ్ళి కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంది. అది ఎన్ని గ్రూపులు తిరిగి అక్కడిదాకా వచ్చిందో.

నా ఒక్కదాని ఫోటోనే కాదు. వచ్చిన ప్రతి బండికీ ఒక ఫ్లెక్సీ ఉండేది, ఫ్లెక్సీ ముందు పిల్లల్ని నిలబెట్టేవాళ్ళు. ఒకసారి ఫోటో సరిగ్గా రాలేదని ఇచ్చేసిన బియ్యం బస్తాని మళ్ళీ బయటికి తెప్పించి మళ్ళీ ఇచ్చారు, ఆ బస్తా మోసింది తొమ్మిదో తరగతి పిల్లాడు. దుప్పట్లు పిల్లకి మూడేసి చొప్పున వచ్చాయి. పాత బట్టలైతే పెద్ద కుప్ప, వర్షానికి తడిసి అక్కడే కుళ్ళిపోయాయి. వార్డెనమ్మ నన్ను పక్కకి పిలిచి "దుప్పట్లు చాలమ్మా, ఇంక వద్దని చెప్పు, బకెట్లు కావాల, ఆడపిల్లలకి పేడ్లు కావాల, అయ్యెవరూ తేరు" అంది. వద్దు అని తను చెప్తే వచ్చేవాళ్ళకి కోపం వస్తుందని ఆమె భయం.

స్లాబు, శిలాఫలకం

జనవరి కల్లా మా గ్రూపు ద్వారా ఐదు లక్షల నలభై ఆరు వేలు జమైంది. అమెరికాలో ఉన్న ఒకతను ఒక్కడే లక్ష ఇచ్చాడు. లెక్కలన్నీ నేనే రాశాను, ఇప్పటికీ ఆ పుస్తకం నా దగ్గరుంది. రేకులా స్లాబా అని గ్రూపులో పెద్ద చర్చ నడిచి స్లాబే అని తేలింది. గోడలు సగం దాకా నిలబడే ఉన్నాయి, ఒక సిమెంటు కొట్టాయన అసలు ధరకే సరుకిచ్చాడు, పిల్లర్లు లేపి ఇరవై బై ఇరవై నాలుగు హాలుకి స్లాబు వేయించాం. అంటే 480 చదరపు అడుగులు. ఆ జువెనైల్ జస్టిస్ చట్టం కింద 2016లో వచ్చిన రూల్స్ ప్రకారం డార్మిటరీలో పిల్లకి 40 చదరపు అడుగుల చోటుండాలి, ఆ లెక్కన మేం కట్టించింది పన్నెండు మందికి సరిపోతుంది. ముప్ఫై ఎనిమిది మందికి మేం ఇల్లు కట్టించేశామనే అందరం అనుకున్నాం. మిగతా రెండు గదులకి వేరేవాళ్ళు మళ్ళీ రేకులే వేయించారు.

ఇటికకీ ఇనుముకీ కూలీకీ పోగా చివర్లో పదకొండు వేలు మిగిలాయి. బ్యాచ్ పేరుతో ఒక శిలాఫలకం పెట్టించాం, ఓపెనింగ్ రోజు భోజనాలు పెట్టాం. ఏప్రిల్ 2019. ఆ పదకొండు వేల ఖర్చు కూడా నా చేత్తో రాసిందే, రాసేటప్పుడు ఏమీ అనిపించలేదు.

జూన్‌లో ఫోన్

బడులు తెరిచిన వారం వార్డెనమ్మ ఫోన్ చేసింది. ఆమె సాధారణంగా ఫోన్ చెయ్యదు. వంటమ్మ మానేసింది, నెలకి ఆరు వేలు జీతం, మూడు నెలలుగా ఇవ్వలేకపోయారు. మోటారు కాలిపోయింది. ఇద్దరు పెద్ద పిల్లలు పొద్దున్నే లేచి ముప్ఫై ఎనిమిది మందికి వండి, అప్పుడు బడికి వెళ్తున్నారు, మొదటి పీరియడు రోజూ పోతోంది.

గ్రూపులో పెట్టాను. ఈసారి ఫోటో లేదు కదా. రెండు రోజుల్లో ముగ్గురు జవాబిచ్చారు. ఒకతను "మనం బిల్డింగ్ ఇచ్చాం, మెయింటెనెన్స్ వాళ్ళు చూసుకోవాలి కదా" అన్నాడు. ఇంకొకామె "జీతాలకి ఇస్తే ఎటుపోయిందో కనపడదు" అంది. వాళ్ళని నేను తప్పుపట్టను, జనవరిలో నేనూ అలాగే ఆలోచించాను. కానీ ఆ రోజు కూర్చుని లెక్క వేస్తే, శిలాఫలకమూ భోజనాలూ కలిపి వంటమ్మకి రెండు నెలల జీతానికి కొంచెం తక్కువ. మేం స్లాబులో పోసిన డబ్బుతో ఆమెకి ఏడేళ్ళు జీతమివ్వొచ్చు.

అప్పుడు నాకొక అనుమానం వచ్చింది. తుఫానుకి ముందు ఈ హోమ్ ఎలా నడిచింది? అప్పుడూ వీళ్ళకి పెద్ద దాతలెవరూ లేరు. వార్డెనమ్మని అడిగితే పాత రిజిస్టరు తీసింది. చూస్తే అందులో అన్నీ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళ పేర్లే. సంక్రాంతికి బస్తా బియ్యం, నెలకి వంద కొబ్బరికాయలు, జీడి తోట ఉన్నాయన ఇద్దరు పిల్లలకి పుస్తకాల ఖర్చు, పుట్టినరోజుకి ఒక పూట భోజనం, పెళ్ళిలో మిగిలిన కూరలు. ఎవరూ లక్షలిచ్చినవాళ్ళు కాదు. ఉద్దానంలో, అంటే మా వైపు కొబ్బరి, జీడి తోటల ప్రాంతంలో, రెండెకరాల తోట ఉన్నవాళ్ళు, తమకొచ్చిన దాంట్లోంచి కాస్త తీసి ఇచ్చినవాళ్ళు.

ఆ తోటలే తిత్లీకి పోయాయి.

నాకు అంతదాకా ఈ విషయం తట్టనే లేదు. హోమ్ కప్పు ఎగిరిపోవడం అందరికీ కనపడింది, ఫోటో తీశాం. ఆ హోమ్‌ని ఇన్నేళ్ళూ మోసిన కొబ్బరి తోటలు కూలిపోవడం కూడా హోమ్‌కి తగిలిన దెబ్బే అని ఎవరం అనుకోలేదు, అది రైతుల నష్టం, దాని లెక్క వేరే అనుకున్నాం. అదే రిజిస్టరులో ఒక తాతగారున్నారు, నెలనెలా వంద కాయలు పంపేవారు. 2019 సంక్రాంతికి సైకిలు మీద ఒక చిన్న సంచి తెచ్చారట, అందులో పది కాయలున్నాయి, గుమ్మం దగ్గరే పెట్టేసి "ఈ యేడు ఇయ్యేనమ్మా" అని తల ఎత్తకుండా వెళ్ళిపోయారట. ఆయన చేతిలో ఫోన్ లేదు, ఫ్లెక్సీ లేదు. ఆయన మళ్ళీ వంద కాయలు ఇవ్వాలంటే కొత్తగా నాటిన మొక్క కాపుకి రావాలి, కొబ్బరికి దానికి ఐదారేళ్ళు పడుతుంది, నిండు కాపుకి ఇంకా ఎక్కువ. 2019లో నాటింది ఏ 2024, 25కో మొదటి గెల. జీడి అంట్లైతే కొంచెం ముందు, మూడు నాలుగేళ్ళు.

మా సాయం ఎన్నాళ్ళు వచ్చింది? అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా. ఏడు నెలలు. నా వాదన అంతా ఈ రెండు లెక్కల మధ్య తేడాలోనే ఉంది. తుఫాను వచ్చినచోట బయటివాళ్ళ డబ్బు చెయ్యాల్సిన అసలు పని, ఊరి చెట్టు మళ్ళీ కాపుకొచ్చే దాకా ఊరు మోసిన బరువుని కాస్త పట్టుకోవడం.

అంటే కట్టొద్దంటావా

మా తమ్ముడు ఇదే అడిగాడు, అడగాల్సిన ప్రశ్నే. కప్పు లేకుండా వంటమ్మ ఉండి ఏం లాభం? నిజమే, ముందు కప్పే. ఐదేళ్ళలోపు మూడు పెద్ద తుఫాన్లు చూశాం మనం, 2013 అక్టోబర్ 12 ఫైలిన్, 2014 అక్టోబర్ 12 హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11 తిత్లీ. తేదీలు చూడండి, మూడూ ఇంచుమించు ఒకే రోజు. అక్టోబర్ వస్తోందంటే మా అమ్మ ఇప్పటికీ వాకిట్లో తేలిక సామాన్లు ఉంచదు.

కాకపోతే కప్పు అంటే స్లాబే అనక్కర్లేదని ఆ పని చేసిన తాపీ మేస్త్రీ చెప్పాడు. పాత రేకులు ఎందుకు ఎగిరాయో ఆయన నాకు పడిన రేకు ఎత్తి చూపించాడు. కప్పు కింద అడ్డంగా ఉండే కమ్మీలకి రేకుని హుక్కులతో బిగిస్తారు, ఆ హుక్కుల కన్నాలు ఒక కమ్మీ వదిలి ఒక కమ్మీకే ఉన్నాయి, డబ్బు మిగుల్తుందని అలా వేశారు. గాలి ముందు చూరు కిందికి దూరి అంచు రేకుని పైకి లేపుతుంది, అది లేచిందంటే మిగతావన్నీ పుస్తకం పేజీల్లా వరసగా లేచిపోతాయి. ప్రతి కమ్మీకీ హుక్కు వెయ్యడం, అంచుల్లో ఇంకా దగ్గర దగ్గరగా వెయ్యడం, చూరు మరీ బయటికి వదలకపోవడం, తుప్పు పట్టిన హుక్కులు ఏటా సెప్టెంబర్లో మార్చడం, పక్కన ఒరిగిన కొమ్మలు కొట్టించడం. ఇవి చేస్తే రేకైనా చాలా గాలికి ఆగుతుంది అన్నాడు. ఖర్చు ఏడాదికి కొన్ని వేలు. కానీ సెప్టెంబర్లో హుక్కులకి డబ్బులివ్వండి అంటే ఎవరిస్తారు? ఎగిరిపోయిన కప్పుకి లక్షలొస్తాయి, ఎగరకుండా ఆపే హుక్కుకి వెయ్యి రాదు. నెలనెలా వచ్చే డబ్బు చేతిలో ఉంటేనే అలాంటి పనులు జరుగుతాయి.

నమ్మకం సంగతి

"ఎటుపోయిందో కనపడదు" అన్న మాటని నేను తేలిగ్గా తీసుకోను. పిల్లల పేరు చెప్పి డబ్బు తినేవాళ్ళున్నారు, అది అందరికీ తెలుసు. గోడైతే కనపడుతుంది, ఎవరూ ఎత్తుకుపోలేరు, అందుకే మనకి గోడ మీద నమ్మకం. కానీ గోడ కట్టినంత మాత్రాన లోపల పిల్లలు సరిగ్గా తింటున్నారో లేదో ఆ గోడ చెప్పదు కదా.

మేం తర్వాత చేసింది ఇది. ముందు హోమ్‌కి జువెనైల్ జస్టిస్ చట్టం 41వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ ఉందా, పిల్లలు చైల్డ్ వెల్ఫేర్ కమిటీ (ఏ పిల్లని హోమ్‌లో ఉంచాలో తేల్చే కమిటీ) ఆర్డరు మీదే వచ్చారా అని కాగితాలు అడిగి చూశాం. అడిగితే ఏమనుకుంటారో అని భయపడ్డాం, వార్డెనమ్మ ఏమీ అనుకోలేదు, సంతోషించింది కూడా, ఎవరూ అడగరమ్మా అంది. తర్వాత ఐదుగురం కలిసి నెలకి తలా పన్నెండొందలు, మొత్తం ఆరు వేలు, నేరుగా వంటమ్మ బ్యాంకు ఖాతాకి వెళ్ళేలా పెట్టాం. ప్రతి నెలా ఒక ఆదివారం మాలో ఒకరు చెప్పకుండా వెళ్ళి పిల్లలతో పాటు భోంచేసి వచ్చేవాళ్ళం. అంతకంటే మంచి ఆడిట్ నాకు తెలీదు, నేను అకౌంట్స్ మనిషిని ఐ ఉండి చెప్తున్నా. పప్పు ఎలా ఉందో నాలుక్కి తెలిసిపోతుంది.

అది రెండేళ్ళ పైచిలుకు నడిచింది. 2020లో కరోనాలో ఒకతని ఉద్యోగం పోయింది, ఆ వాటా మిగతా నలుగురం పంచుకున్నాం, తర్వాత ఇంకొకరు ఆపేశారు, చివరికి ఇద్దరం మిగిలాం, అప్పటికి ఊళ్ళోవాళ్ళు మళ్ళీ కొంచెం కొంచెంగా ఇవ్వడం మొదలైంది. కాబట్టి నెలనెలా ఇవ్వడం సులువని నేను చెప్పను. ఒకేసారి ఐదు వేలు ఇవ్వడం కంటే నెలకి రెండొందలు రెండేళ్ళు ఇవ్వడం చాలా కష్టం, మధ్యలో మనకే మన అవసరాలు వస్తాయి. అందుకే నా ఉద్దేశంలో ఉత్సాహం ఉన్నప్పుడే, డబ్బు వస్తున్న ఆ మొదటి నెలలోనే, సగం తీసి బ్యాంకులో వేసెయ్యాలి, తర్వాత ఎవరి మనసూ మారక్కర్లేకుండా అందులోంచే నెలనెలా వెళ్ళిపోతుంది. కంపెనీలకి కూడా సీఎస్ఆర్ రూల్స్‌లో, అంటే లాభంలోంచి సమాజసేవకి పెట్టే డబ్బు రూల్స్‌లో, మొదలుపెట్టిన సంవత్సరం కాక ఇంకో మూడేళ్ళ దాకా నడిచే ప్రాజెక్టుకి వీలుంది, కానీ నా కళ్ళముందు ఎవరూ అలా ఇవ్వలేదు.

వాళ్ళమ్మ

ఇంత రాశాక కూడా నన్ను తొలిచే విషయం ఒకటుంది, అది చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమౌతుంది.

అలా భోజనానికి వెళ్ళిన ఒక ఆదివారం వరండాలో ఒకామె కూతురికి తల దువ్వుతూ కూర్చుంది. ఏడేళ్ళ పిల్ల. ఆమె పలాసలో జీడి ఫ్యాక్టరీలో పని చేస్తుంది, పిక్కలు కొట్టే పని. వేళ్ళ చివర్లు నల్లగా, జీడి రసానికి చర్మం కాలి పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. ఆ వేళ్ళు పిల్ల మెడకి గరుగ్గా తగులుతాయేమోనని మునివేళ్ళు ఆనకుండా దువ్వెనతోనే జుట్టు పాయలు తీస్తోంది. భర్త కిడ్నీ జబ్బుతో పోయాడు, ఉద్దానంలో ఈ మాట విని ఎవరూ ఆశ్చర్యపోరు. పిల్లని ఇక్కడెందుకు పెట్టావమ్మా అంటే "ఏటి సేయమంటావమ్మా, నాను పన్జేసే తోట పడిపోనాది, ఊళ్ళో కూలి నేదు. పలాస ఎల్లి పన్జేస్తే గుంటని సూసీవోళ్ళు నేరు. ఇక్కడైతే కొత్త బిల్డింగు కట్టీసినారు, తిండికి లోటుండదని ఎట్టీసినాను" అంది.

కొత్త బిల్డింగు. మేం కట్టిందే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తుఫాను తర్వాత ఆ హోమ్‌కి కొత్తగా ఏడుగురు పిల్లలు వచ్చారు. అనాథాశ్రమం అని మనం నోరారా అనేస్తాం గానీ, వార్డెనమ్మ లెక్క ప్రకారం అమ్మా నాన్నా ఇద్దరూ లేనివాళ్ళు తొమ్మిది మందే. మిగతా వాళ్ళకి అమ్మో నాయనమ్మో ఉన్నారు, లేనిది డబ్బు. పిల్లల్ని ఇలాంటిచోట పెట్టడం చిట్టచివరి మార్గం అవ్వాలని ఆ జువెనైల్ జస్టిస్ చట్టమే అంటుంది. మరి మేం ఏం చేశాం? ఆ తల్లికి నెలకి రెండు వేలు ఇచ్చి ఉంటే పిల్ల ఇంట్లోనే ఉండేదేమో. మేం మంచి గది కట్టి, ఆ పిల్ల ఇల్లు వదిలి రావడానికి ఒక కారణం తయారుచేశామా?

ఈ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్కోసారి ఔననిపిస్తుంది. ఒక్కోసారి ఆ తల్లి పొద్దున్న వెళ్ళి రాత్రికి వచ్చే పనిలో ఉండి, ఏడేళ్ళ ఆడపిల్లని ఇంట్లో ఒంటరిగా వదల్లేక, చాలా ఆలోచించే తెచ్చి పెట్టుంటుంది, ఆమె నిర్ణయాన్ని నేనెవరిని తప్పనడానికి అనిపిస్తుంది. ఆ తొమ్మిది మందికైతే హోమ్ కావాల్సిందే, వాళ్ళకి వెళ్ళడానికి వేరే ఇల్లు లేదు. ఇప్పుడు మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద తల్లి దగ్గరే ఉండే పిల్లలకి నెలకి నాలుగు వేలు స్పాన్సర్‌షిప్ ఉంది, పల్లెల్లో ఏడాది ఆదాయం 72 వేలు దాటని వాళ్ళకి. కానీ దానికి ఆధార్లు, డెత్ సర్టిఫికెట్టు, ఆదాయ సర్టిఫికెట్టు, ఆఫీసు చుట్టూ తిరగడం, తిరిగిన ప్రతి రోజూ ఆమెకి ఒక రోజు కూలి పోతుంది. ఆ పోయిన కూలి ఇచ్చి, ఆమె పక్కన నిలబడి కాగితాలు రాయించే మనిషి ఉంటే చాలు, ఒక పిల్ల ఇంటికి వెళ్తుంది. అందుకే నేను అడిగే సగంలో ఒక భాగం ఇలా ఇంటికి వెళ్ళగలిగే పిల్లల కోసం విడిగా ఉంచాలంటున్నా. ఇంటికి వెళ్ళేవాళ్ళని పంపించి, ఎవరూ లేనివాళ్ళని మాత్రం బాగా చూసుకునే హోమ్ ఐతే మా 480 చదరపు అడుగులు తొమ్మిది మందికీ పోగా ఇంకా మిగిలేవి.

గ్రూపులో ఏం పెట్టానంటే

నిన్న రాత్రి చివరికి ఇలా రాశా. నేను ఆరు వేలు ఇస్తాను. అందులో రెండు వేలు ఇప్పుడు వంటషెడ్డుకి, మిగతా నాలుగు వేలు నెలకి రెండొందల చొప్పున. అందరూ వీలైతే ఇలాగే చెయ్యండి. షెడ్డుకి ఎంత తక్కువలో గట్టిగా ఐతే అంతలో చేద్దాం, రేకులైతే ప్రతి కమ్మీకీ హుక్కు వేయిద్దాం, నేను మేస్త్రీని తీసుకెళ్తా. శిలాఫలకం వద్దు. ఆ ఫోటో దయచేసి తీసెయ్యండి, అందులో ఇద్దరు పిల్లల మొహాలు కనపడుతున్నాయి. ఈ హోమ్‌కి ఇన్నాళ్ళూ ఊళ్ళో ఎవరెవరు ఏమేం ఇచ్చేవాళ్ళో ముందు కనుక్కుందాం, వాళ్ళలో ఎంతమందికి ఈ గాలివానకి నష్టమైందో కూడా.

చాలాసేపు ఎవరూ ఏమీ అనలేదు. ఒకతను ఇంత లెక్కలెందుకు, ఇచ్చేదేదో మనస్ఫూర్తిగా ఇచ్చేద్దాం అన్నాడు. దానికి నేను జవాబివ్వలేదు, అతను మనస్ఫూర్తిగానే ఇస్తాడని తెలుసు. ఫోటో మాత్రం పది నిమిషాల్లో తీసేశారు.

పదకొండింటికి, 2019 జూన్‌లో మెయింటెనెన్స్ వాళ్ళు చూసుకోవాలి అన్న అతనే, అతని దగ్గర్నించి విడిగా నాకొక మెసేజ్ వచ్చింది. "అక్కడ వంటమ్మకి ఇప్పుడు జీతం ఎంతిస్తున్నారే? కనుక్కుని చెప్పు."

రేపు పొద్దున్నే ఫోన్ చేసి కనుక్కుంటా.